పిల్లని గట్టెక్కించిన మావయ్య

మావయ్య పోయాడన్న కబురు నాకు లారీ మీద వచ్చింది. సాలూరులో నేను పంతులమ్మగా పనిచేసే బడి రోడ్డు పక్కనే ఉంటుంది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే, రాజాం నుంచి వచ్చిన లారీ ఒకటి బడి ముందు ఆగింది. డ్రైవరు మా ఊరివాడే. కిందికి దిగి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. అది విప్పడంతోనే నాకు సగం అర్థమైంది.

"మీ మావ పోనాడమ్మా. పొద్దున్న అంబలి తాగి అరుగు మీద కూకున్నాడంట. కూకున్నోడు కూకున్నట్టే ఉండిపోనాడు. మీయమ్మ నిన్ను తీసుకు రమ్మంది" అన్నాడు.

పిల్లల్ని పక్క తరగతి పంతులుగారికి అప్పగించి అదే లారీ ఎక్కాను. బొబ్బిలి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. నేను ఏడవనందుకు డ్రైవరుకే ఇబ్బందిగా ఉన్నట్టుంది, రెండుసార్లు అనవసరంగా హారను కొట్టాడు. చివరికి నేనే ఒక మాట అడిగాను. జముకు సంచిలో ఉందా, బయట ఉందా అని. అతను నావైపు వింతగా చూశాడు. "మీయమ్మ కూడా అదే సెప్పమంది. నానే మరిసిపోనాను. సంచిలోనే ఉన్నాదంట" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. రాజాం వచ్చేదాకా ఆగలేదు.

ఈ నాలుగు ముక్కలు రాస్తానంటే మా బడి తెలుగు పంతులుగారు, "జానపద కళామతల్లి ముద్దుబిడ్డ అని మొదలుపెట్టండి, బాగుంటుంది" అని సలహా ఇచ్చారు. మావయ్య వింటే, "ఎవులే ఆడు? మనూరేనా?" అని అడిగుండేవాడు. అందుకని అలా మొదలుపెట్టలేదు. ఆయన మా అమ్మకి అన్నయ్య. నాలుగు కుంచాల వరిమడి, కాస్త గోగు వేసుకునే మెట్ట, ఒక జముకు, ఇవీ ఆయన ఆస్తి. పిల్లల్లేరు. మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు గనక, అత్త కూడా పోయాక ఆయన మా ఇంటికే వచ్చేశాడు. ఎవరి ఇంటికి ఎవరు దిక్కయ్యారో నేను ఇప్పటికీ చెప్పలేను.

జముకు అంటే మా వైపు కథలు పాడేవాళ్ళు వాయించే వాయిద్యం. కుంచమంత గుండ్రటి డొల్ల, దానికి ఒక పక్క తోలు, ఆ తోలు మధ్య నుంచి నరంతో చేసిన తీగ. డొల్లని ఎడమ చంకలో ఇరికించి, తీగని ఎడమ చేత్తో లాగిపట్టి, కుడి చేత్తో మీటాలి. తీగ బిగిస్తే ఏడుస్తుంది, సడలిస్తే నవ్వుతుంది. ఒకాయన కథ నడిపిస్తాడు, పక్కన ఇద్దరు వంత అందుకుంటారు. ఎవరి గురువుని బట్టి వాళ్ళకి నియమాలుంటాయి. మావయ్య గురువు పెట్టిన నియమం ఒకటే. కథ ఎత్తుకునేటప్పుడు సంచిలోంచి తీసిన జముకుని, ఆ కథకి మంగళం పాడేదాకా తిరిగి సంచిలో పెట్టకూడదు. మూడు రోజుల కథైతే మూడు రోజులూ అది గోడకి వేలాడాల్సిందే, ఎలకలొచ్చినా సరే. "మంగలం నేని కత కప్పు నేని ఇల్లు. అందల మనిసి కాపరం సెయ్యగలడేటే?" అనేవాడు.

మా ఇంట్లో ఆ జముకు తొమ్మిదేళ్ళు గోడకి వేలాడింది.

గరివిడి దగ్గర ఒక పల్లెలో అమ్మవారి సంబరానికి మూడు రోజుల కథ ఒప్పుకుని వెళ్ళాడు మావయ్య. మా వైపు జముకు పట్టినవాళ్ళంతా పాడే కథే అది. పడవ నడిపేవాడి కూతురు, అవతలి గట్టున జ్వరంతో చిక్కుకుపోయిన తమ్ముడి కోసం, నాగావళి నిండుగా పారుతుంటే ఒక్కతీ పడవ వేసుకుని బయల్దేరుతుంది. రెండో రోజు పిల్ల ఏటి నడుమకి చేరింది. పడవ తోసే గెడకి ఏటి అడుగు అందడం లేదు. సరిగ్గా అక్కడుండగా మా ఊరి నుంచి సైకిలు మీద మనిషి వెళ్ళి, మా అత్తకి ఒంట్లో బాగాలేదు రమ్మన్నాడు. మావయ్య పాట మధ్యలో ఆపేసి, జముకు చంకలో పెట్టుకునే నడిచొచ్చేశాడు. వచ్చేసరికి అత్త లేదు.

ఆ తరవాత ఆ పల్లెకి మళ్ళీ వెళ్ళలేదు. జముకుని మేకుకి తగిలించాడు, దాని పక్క మేకుకి ఖాళీ సంచి తగిలించాడు. ఎవరైనా పాడమని వస్తే, "ఒక కత నడుమనుండగా ఇంకోటి ఎత్తుకోకూడదు" అని పంపేసేవాడు. మరి ఆ కథ వెళ్ళి ముగించవచ్చు కదా అంటే లేచి పొలానికి పోయేవాడు. ఒకసారి అమ్మ గట్టిగా నిలదీస్తే మాత్రం, "ఏ మొకం ఎట్టుకుని ఎల్లనే? ఆల్ల పిల్లని ఏట్లో ఒగ్గీసొచ్చినాను. నాదాన్నీ అందుకోనేదు" అన్నాడు. అమ్మ ఇక ఆ మాట ఎత్తలేదు.

పాడడం మానేశాడు గానీ పాట ఆయన్ని మానలేదు. చెరువులో నానేసిన గోగుకట్టలు తీసి నార ఒలిచేటప్పుడు చూడాలి, కర్ర మీద దెబ్బ పడితే అది తాళంలోనే పడేది. పక్కవాళ్ళ దెబ్బ తప్పితే విసుక్కునేవాడు. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఒంటికి ఆనేది కాదు. చంకలో ఏదో ఉన్నట్టే, ఒక జానెడు ఎడంగా పెట్టుకుని నడిచేవాడు. మా ఊళ్ళో పిల్లలు ఆ నడక నడిచి నవ్వించేవారు. నేనూ నడిచాను, అమ్మ చేత తిన్నాను కూడా.

ఇంకో అలవాటు ఎవరికీ తెలియదు. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని గోడ పక్క నుంచి పోతూ, జముకు మీదికి చెయ్యి ఎత్తేవాడు. తాకేవాడు కాదు. ఎత్తిన చేత్తో బుర్ర గోక్కుని వెళ్ళిపోయేవాడు. రోజూ అంతే. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

మూడేళ్ళ కిందట దసరా సెలవులకి ఇంటికొస్తే, రాజాంలో టెంటు సినిమాలో కొత్త బొమ్మ పడిందన్నారు. బతుకు గడవని ఒక జముకు పాటగాడి కథ. హీరో ఎవరయ్యా అంటే, కత్తియుద్ధాల సినిమాల్లో కిరీటం పెట్టుకుని కోటగోడలు దూకే ఆయనే. ఈ బొమ్మలో గెడ్డంతో, చిరుగుల పంచెతో ఉన్నాడు. వాల్‌పోస్టరు మీద చూసి మా ఊరివాళ్ళు ముందు నమ్మలేదు. నేను అమ్మనీ మావయ్యనీ బయల్దేరమన్నాను. మావయ్య ససేమిరా అన్నాడు. జముకోడి అగచాట్లు చూడ్డానికి జముకోడు టిక్కెట్టు కొనాలేటి అని వెక్కిరించాడు. నువ్వు రాకపోతే నీ బదులు మేకని తీసుకెళ్తాను, అదైనా నోరు మూసుకుని చూస్తుంది అన్నాను. ఆ మాటకి నవ్వి కండువా దులిపాడు.

నోరు మూసుకోలేదు. నేల టిక్కెట్లో మా ఇద్దరి మధ్య కూర్చుని, మొదటి పాట నుంచీ హీరోని తిడుతూనే ఉన్నాడు. జముకు పట్టుకోడం చేతకాలేదట, సంతలో కొన్న కోడిపెట్టని చంకలో ఇరికించినట్టు ఇరికించాడట. తీగ లాగకుండా మీటుతున్నాడట. గజ్జెలు కట్టిన కాలు కదపడట. "ఓలమ్మ, ఈడికి జముకిచ్చినోడెవుడే?" అని పైకే అంటుంటే చుట్టుపక్కల వాళ్ళు బొమ్మ మానేసి ఈయన్ని వినడం మొదలుపెట్టారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పంతులమ్మని కదా.

తరవాత ఒక ఘట్టం వచ్చింది. హీరో ఒక ఊరికి పాడ్డానికి వెళ్తాడు. పక్క వీధిలో గ్రామఫోను పెట్టారని జనం అటు పోతారు. ఈయన ముందర ఒక ముసలామె, ఒక కుక్క మిగులుతారు. ఇంటికొస్తాడు. భార్య అంబలి పోస్తుంది. ఎంతమంది వచ్చారని ఆమె అడగదు, ఈయన చెప్పడు. పాట లేదు, మాట లేదు, వెనక వాయిద్యం కూడా లేదు. తాగిన ముంత కింద పెట్టి లేచి, గోడకి తగిలించిన జముకు మీదికి చెయ్యి ఎత్తుతాడు. తాకడు. చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, పంచెకి తుడుచుకుంటాడు.

మావయ్య నోరు మూతపడింది. నేను ఆయనవైపు చూడలేదు, చూడాలనిపించలేదు. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "ఇది ఆడికెలాగ తెలిసినాదే?" అన్నాడు. అంతే. ఆ తరవాత ఒక్క తప్పు పట్టలేదు. హీరో జముకుని నిజంగానే కోడిలా పట్టుకున్నా ఊరుకున్నాడు.

ఆఖరి ఘట్టంలో హీరోకి ఒంటి నిండా జ్వరం. అయినా జనం వచ్చారు కదా అని పాడతాడు. పాడేది ఆ కథే. సినిమా వాళ్ళు మా వైపు ఎవరి దగ్గర విన్నారో మరి. నేను, అమ్మ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మావయ్య కదల్లేదు. తెర మీద పిల్ల ఏటి నడుమకి వచ్చింది, గెడ అడుగు అందడం లేదు, హీరో గొంతు తెగింది. ఒక్క క్షణం అలా నిలబడి ఎదురుగా ఉన్న మనుషుల్ని చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. క్షమించమని అడుగుతున్నట్టు లేదు, మిగిలింది మీదే అన్నట్టు ఉంది. పడిపోయాడు. జముకు దొర్లింది. సినిమా అయిపోయింది.

టెంటులో ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. మగవాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుంటూ లేస్తున్నారు. బొమ్మ అయిపోయినా మిషను లైటు ఇంకా ఆర్పలేదు, తెర తెల్లగా వెలుగుతోంది. ఉన్నట్టుండి మావయ్య లేచి, తెర పక్క గుంజ దగ్గరికి వెళ్ళి నిలబడి చెయ్యెత్తాడు. ఆయన నీడ తెర మీద పడింది.

"ఆగండి బావూ, లెగకండి. పిల్ల ఏట్లో ఉన్నాది" అన్నాడు.

నవ్వులాటకి అన్నాడనుకున్నారు కొందరు. ఆయన నవ్వలేదు. తొమ్మిదేళ్ళు పాడని గొంతుతో, జముకు లేకుండా, సినిమా ఆపిన చోటి నుంచి ఎత్తుకున్నాడు. మొదట రెండు చరణాలు బొంగురుగానే వచ్చాయి. "గెడెయ్యే తల్లీ గెడెయ్యే" అన్న చోట వంత పాడేవాళ్ళు లేక ఆగాడు. మా అమ్మ అందుకుంది. అమ్మ తరవాత నేలంతా అందుకుంది, ఆ వెనక బెంచీ వాళ్ళు. పిల్ల గట్టెక్కింది, తమ్ముణ్ణి పడవెక్కించుకుని తిరిగొచ్చింది. మావయ్య మంగళం పాడి, కింద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మరుసటి ఆటకి ఆలస్యమైందని టెంటు షావుకారు రంకెలేస్తూ వచ్చాడు గానీ, జనాన్ని చూసి నోరెత్తలేదు.

మర్నాడు ఆ షావుకారే రిక్షా కట్టించుకుని మా ఊరొచ్చాడు. మధ్యాహ్నం మ్యాటినీ వేస్తే బొమ్మ అయ్యాక ఒక్కడూ లేవలేదట. నిన్నటివాళ్ళకి మంగళం పాడారు, మాకేదీ, మేమూ టిక్కెట్టు కొన్నాం కదా అని కూర్చున్నారట. సగం రీలు దాచేసుకున్నావని కూడా తిట్టారట. "బావూ, నువ్వొచ్చి ఆ పిల్లని గట్టెక్కించకపోతే నన్ను ఏట్లో తోసీలాగున్నారు" అని మావయ్య చేతులు పట్టుకున్నాడు.

అలా ఆ బొమ్మ ఉన్నన్నాళ్ళూ మావయ్య రోజూ సాయంత్రం రాజాం నడిచి వెళ్ళేవాడు. మిగతా ఊళ్ళలో అది వారం కూడా నిలవలేదని విన్నాను, మా దగ్గర మాత్రం దీపావళి దాటింది. ఇస్తానన్న డబ్బు వద్దన్నాడు. తెరకి దగ్గరగా, నేల మీద ఆ మూల చోటు నాకు ఒగ్గీ చాలు అన్నాడు. పాడడం ఒకెత్తు, బొమ్మ చూడడం ఒకెత్తు ఆయనకి. రోజూ మొదటి నుంచీ చూసేవాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ హీరో గురించే చెప్పేవాడు, పక్కూరి మనిషి గురించి చెప్పినట్టు. ఇవాళ ఆడు అంబలి తాగేటప్పుడు రెప్ప వెయ్యలేదు అనేవాడు. రోజూ అదే బొమ్మ కదా మావా, నిన్న కూడా వెయ్యలేదు అంటే ఒప్పుకునేవాడు కాదు. ఒకరోజు అన్న మాట నేను కాయితం మీద రాసి పెట్టుకున్నాను: "ఆడు పాట తప్పుతాడు గాని, ఊరుకోడం తప్పడు. పాట ఎవుడైనా నేర్పుతాడు. ఊరుకోడం ఎవులికాల్లు నేర్సుకోవాల."

నేను ఊరుకోక ఆ హీరోకి మద్రాసు ఉత్తరం రాశాను, ఇలా మా మావయ్య రోజూ మీ కథ పూర్తిచేస్తున్నాడని. నెల తరవాత ఒక ఫొటో వచ్చింది, కింద అచ్చు సంతకం. కిరీటం, కత్తి, నవ్వు. మావయ్యకిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఈడు కాడే. మనోడు గెడ్డపోడు" అని తిరిగిచ్చేశాడు. ఆ ఫొటో మా అమ్మ బియ్యం డబ్బా మీద చాలాకాలం ఉంది.

ఇంత జరిగినా జముకు గోడకే ఉంది. టెంటులో పాడింది సినిమా వాళ్ళ కథకి మంగళం, తన కథకి కాదు. ఆ లెక్క ఆయనకి బాగా తెలుసు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం, నేను ఇంట్లో ఉండగా, ఆయన జముకుని మేకు మీంచి తీశాడు. గరివిడి ఎల్దాం రా అన్నాడు. నేనెందుకు అంటే, "తిడతారే. సదువుకున్నదానివి, పక్కనుంటే మర్యాదగా తిడతారు" అన్నాడు.

గరివిడిలో బస్సు దిగి, ఫ్యాక్టరీ పొగగొట్టాలు దాటి రెండు మైళ్ళు నడిచాం. మావయ్య అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాడు, పాడే ముందు అది అలవాటు. ఆ ముక్క నమలడం కూడా మరిచిపోయాడు. ఊళ్ళోకి వెళ్ళి, అమ్మవారి గుడి ముందు తను అప్పుడు నిలబడిన చోటే నిలబడ్డాడు. ఎవరో గుర్తుపట్టారు. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు, అది తిట్టడం కంటే కష్టంగా ఉంది. ఇంతలో కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. మావయ్యని కింద నుంచి పైదాకా చూసి, అందరికీ వినపడేలా అంది:

"ఏటిరా బావు, ఇంతాలిస్యం? తొమ్మిదేల్లు నానిపోనాది పిల్ల. తొరగా గట్టెక్కించు."

ఊరంతా ఒక్కసారి నవ్వింది. మావయ్యా నవ్వాడు, ఏడ్చాడు కూడా, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఆ ఊళ్ళో ఇన్నేళ్ళూ ఎవరైనా పని సగంలో వదిలేస్తే "ఏట్లో పిల్లలాగ ఒగ్గీసినావేటి" అనడం వాడుకైపోయిందట. ఆ ముసలమ్మే చెప్పింది. కోపం కాదు, బెంగ అంది. ఆ మధ్యాహ్నం మావయ్య తొమ్మిదేళ్ళ కిందట ఆపిన మాట దగ్గరే ఎత్తుకున్నాడు. పొద్దు వాలేసరికి పిల్లా తమ్ముడూ ఇల్లు చేరారు. మంగళం పాడుతుంటే ముసలమ్మ తన కొంగులోంచి తమలపాకులు తీసి జముకు మీద పెట్టింది.

ఇంటికొచ్చేసరికి పాత సంచిని ఎలకలు కొరికేశాయని అమ్మ కొత్తది కుట్టి ఉంచింది. అత్త చీర అంచు ముక్కతో కుట్టింది. మావయ్య ఆ అంచుని ఒకసారి వేలితో తడిమాడు. జముకుని అందులో పెట్టి, మూతి బిగించి, ముడి సరిగా పడిందా లేదా అని రెండుసార్లు లాగి చూశాడు. ఆ రోజు అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

తరవాత దాదాపు మూడేళ్ళు హాయిగా పాడుకున్నాడు. పెద్ద పేరేం రాలేదు. చుట్టుపక్కల పది ఊళ్ళు, అమ్మవారి సంబరాలు, కుప్పనూర్పుల తరవాత కళ్ళాల్లో కథలు. నేను సెలవులకి వస్తే నేనూ పాడతాను నేర్పు అని వెంటపడేదాన్ని. నా గొంతు సంగతి మా బడి పిల్లల్ని అడిగితే చెప్తారు. మావయ్య రెండు చరణాలు విని చేతులెత్తేసేవాడు. "నీకు గొంతు నేదే పిల్లా. సెవి ఉన్నాది. అదీ తక్కువేటి కాదు" అనేవాడు. పోయే ముందు శుక్రవారం కూడా ఒక కథ ముగించి వచ్చాడట. ఆ సంగతి తెలియకే లారీలో నేనడిగింది ఆ మాట. అది తెలిసే అమ్మ ముందుగా చెప్పమన్నదీ ఆ మాటే.

ఆయన పోయిన నెలకి టెంటు షావుకారు మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి నసిగాడు. ఆ బొమ్మ మళ్ళీ తెప్పించాడట, ఆయన ఉండగానే డబ్బు కట్టేశాడట, రీళ్ళ పెట్టె ఇప్పుడొచ్చిందట. ఆయన లేకుండా ఆడించొచ్చా, తిప్పి పంపెయ్యాలా అని అమ్మని అడిగాడు. ఆడించు నాయనా, మా అన్నయ్య చూసేవాడే కదా అంది అమ్మ. ఆ శనివారం మొదటి ఆటకి నన్ను తీసుకుని బయల్దేరింది.

హీరో జముకుని కోడిలాగే పట్టుకున్నాడు. చెయ్యి ఎత్తి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పిల్ల ఏటి నడుమకి చేరింది, హీరో ఆ చూపు చూసి పడిపోయాడు, జముకు దొర్లింది. తెర తెల్లగా వెలిగింది.

ఒక్కరూ లేవలేదు. టెంటు నిండా జనం తెర పక్క గుంజ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన పోయాడని తెలియని వాళ్ళు కాదు, చాలామంది ఆయన పాడె మోసినవాళ్ళే. అయినా చూస్తున్నారు. షావుకారు లైటు ఆర్పించలేదు. ఎంతసేపు అలా ఊరుకున్నామో తెలియదు. మావయ్య ఉంటే ఆ ఊరుకోడాన్ని మెచ్చుకునేవాడు.

అమ్మ నా వీపు మీద తట్టింది. లేవమంది. నాకు గొంతు లేదమ్మా అన్నాను.

"సెవుంది కదేటి. లెగు" అంది.

లేచి గుంజ దగ్గరికి వెళ్ళాను. ఎత్తుకున్న మొదటి మాటే అపస్వరం. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, నాకే నవ్వొచ్చింది. ఆగలేదు. మావయ్య ఎక్కడ ఊపిరి తీసేవాడో, ఎక్కడ మాట సాగదీసేవాడో, అన్నీ నా చెవిలో ఉన్నాయి, గొంతే వాటి వెనక కుంటుతూ నడిచింది. "గెడెయ్యే తల్లీ గెడెయ్యే" దగ్గర టెంటంతా అందుకుంది. నేను తప్పిన చోటల్లా వాళ్ళు సరిచేసి ముందుకి లాగారు. పిల్ల గట్టెక్కింది. మంగళం పాడుతూ జనం వైపు చూస్తే, వాళ్ళు నన్ను చూడడం లేదు. నా వెనక తెరని చూస్తున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగి చూశాను. తెర మీద నా నీడ నిలబడి ఉంది. నాకు తెలియకుండానే ఎడమ చెయ్యి ఒంటికి ఆనకుండా, ఒక జానెడు ఎడంగా పైకి లేచి ఉంది. ఆ చంక కింద, సరిగ్గా జముకు పట్టేంత చోటులో, తెర తెల్లగా వెలుగుతోంది.